రెండు చేతుల దుప్పటి

ఆ వీధిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఈడువాళ్ళు ఊలక్క అంటారు, పిల్లలు ఊలత్త అంటారు. పగలంతా బస్టాపు ఎదురుగా ఉన్న లాండ్రీలో బల్ల వెనక నిలబడడం ఆమె ఉద్యోగం. తెచ్చిన బట్టలు విప్పి చూడడం, మరక ఎక్కడుందో తెచ్చినవాళ్ళ ఎదుటే చూపించడం, గుర్తు గుడ్డ కట్టి లోపలికి పంపడం. ఎవరింట్లో దుప్పట్లు ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారో ఆమెకు తెలుసు. బయటికి మాత్రం చెప్పదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక కొక్కెం సూది చేతిలోకి వస్తుంది. ఇక వంట పొయ్యి మీద ఉన్నా, ఎవరైనా వచ్చి కబుర్లు చెబుతున్నా ఆ చెయ్యి ఆగదు.

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో మంచం మీద పరిచింది, కుర్చీ వీపున వేసింది, టీవీ మీద కప్పింది అన్నీ ఆమె అల్లినవే. వీధిలో పుట్టిన పిల్లల్లో సగంమంది తలలు ఆమె టోపీల్లోనే మొదటి చలి చూశాయి. పొగడమని ఎవరినీ అడగదు. కానీ పొగడ్త రాకపోతే ఎందుకు రాలేదా అని ఆ రాత్రంతా ఆలోచిస్తుంది.

ఆమె భర్త తాళాలు బాగుచేస్తాడు. షట్టరు ఎత్తితే మనిషి పట్టేంత కొట్టు. ఒకరోజు పై అరలో ఉన్న డబ్బా అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు కర్రముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజంతా పిసుకుతూ ఉండమంది. ఆయన చెప్పినపని చెప్పినట్టు చేసే మనిషి. టీవీ ముందు కూర్చుని కిచకిచ, కిచకిచ అని పిసికేవాడు. ఆ చప్పుడు వినలేక ఊలక్క ఒక సాయంత్రం మిగిలిపోయిన ఊలు ఉండ, పాత సూది ఆయన ఒళ్ళో పడేసింది.

"ఆ బంతిని పీడించే బదులు దీన్ని పీడించండి" అంది.

తర్వాత జరిగినదానికంతా ఆ మాటే మొదలు. అందుకే ఆమె ఇంకెవర్నీ తప్పుపట్టలేకపోయింది. మంట మరీ ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం.

మొదటి రోజు ఆయన అల్లింది మెలిక తిరిగిన వానపాములా ఉంది. ఊలక్క దాన్ని ఎదురింటి టీచరమ్మకు చూపించి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆయనా నవ్వాడు. రెండో వారానికి వానపాము నిటారైంది. ఆయన పద్ధతి వేరు. ఆమె చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. చెయ్యి ఎలా పోతే అలా పోతుంది, లెక్క నోట్లో కాదు, వేళ్ళలో ఉంటుంది. ఆయన మాత్రం ప్రతిదీ ఆగి అడిగేవాడు. సూది ఈ పోగు కింద నుంచే ఎందుకు దూరాలి, పైనుంచి దూరితే ఏమవుతుంది అని. ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఆ ప్రశ్న ఎప్పుడూ పుట్టలేదు. "అవన్నీ ఎందుకు, అలా వెయ్యాలంతే" అనేది.

తాళం లోపల పళ్ళు కంటికి కనబడవు. వాటిని వేళ్ళతోనే చూడాలి. నలభై ఏళ్ళు అలా చూసిన వేళ్ళు కదా, బిగుసుకుపోయినా బుద్ధి పోలేదు. ఆమె ఆయనకు బుడిపెల అల్లిక నేర్పింది. ఒకే కుట్టులో నాలుగైదు పోగులు పోసి ఒక్కసారి ముడి బిగిస్తే ఊలు రేగుపండంత ఉబ్బి పైకి లేస్తుంది. దుప్పటి నిండా అవి లేస్తే చేత్తో నిమరబుద్ధేస్తుంది. ఆయన బుడిపెలు వారం తిరక్కుండానే ఒకటే కొలతకు వచ్చేశాయి. అచ్చులో పోసినట్టు. ఊలక్క తన బుడిపెల వంక మొదటిసారి పరీక్షగా చూసుకుంది. ఒకటి బొద్దుగా, ఒకటి నీరసంగా, ఒకటి పక్కకు ఒరిగి. ముప్పై ఏళ్ళలో ఆ తేడా ఆమె కంట పడలేదు.

తన కంట పడనిది ఇంకొకరి కంట పడింది. ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. బేకరీలో గల్లా దగ్గర కూర్చుని ఇంటికి పోతూ దారిలో వీళ్ళింట్లో దిగుతుంది. ఆమె మాట "నువ్వేమీ అనుకోకు వదినా" అని మొదలైతే, అనుకోవలసింది ఏదో వస్తోందని అర్థం.

"నువ్వేమీ అనుకోకు వదినా, మా అన్నయ్య చెయ్యి చూశావా. మిషను మీద చేసినట్టు లేదూ. నీదీ బాగుంటుందనుకో. నీది ఇంట్లో చేసినట్టు ఉంటుంది."

"ఇంట్లో చేసినదే కదమ్మా" అంది ఊలక్క.

"అదే అంటున్నా" అంది ఆడపడుచు.

మర్నాడు టీచరమ్మ వచ్చి ఆయన అల్లిన ముక్కను వెలుతురులో పట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. మగవాళ్ళు ఏదైనా పట్టుకున్నారంటే అంతు చూస్తారు సుమా అని మెచ్చుకుంది. ఊలక్క వంటింట్లోకి వెళ్ళి గిన్నె గట్టిగా పెట్టింది. ముప్పై ఏళ్ళు తను అంతు చూడలేదు కాబోలు. ఈ టీచరమ్మ మనవడి తలమీద ఇప్పుడున్న టోపీ ఎవరి అంతో మరి.

ఇదంతా ఇలా నడుస్తుండగా కూతురు ఫోను చేసింది. అది కొండమీది ఊళ్ళో సర్వే ఆఫీసులో పనిచేస్తోంది. ఇంట్లో ఇప్పటికీ చిన్నదనే పిలుస్తారు. అద్దెగది గోడలు చెమ్మగిల్లుతున్నాయట, ఎన్ని కప్పుకున్నా చలి లోపలికి వస్తోందట. ముసుగు తన్ని పడుకునేంత పెద్దది, బుడిపెల దుప్పటి కావాలమ్మా అంది. చలి ముదరకముందే ఒక ఆదివారం వచ్చి పట్టుకుపోతానంది. ఊలక్కకు కడుపు నిండిపోయింది. కొని పంపమనలేదు, అల్లమంది. అమ్మనే అడిగింది.

కానీ అంత దుప్పటి అంటే మాటలు కాదు. లాండ్రీలో అవి పెళ్ళిబట్టలు మీదపడే రోజులు, ఇల్లు చేరేసరికే చీకటి పడుతోంది. ఆ మాట ఊరికే పైకి అనడమే ఆమె చేసిన పొరపాటు. పక్కనే ఉన్న ఆడపడుచు ఫోను లాక్కున్నంత పనిచేసి చిన్నదానికి ఉపాయం చెప్పేసింది. మీ నాన్న ఉన్నాడుగా, ఆ చివర నుంచి ఒకరు ఈ చివర నుంచి ఒకరు మొదలుపెడితే మధ్యలో కలుస్తారు, సగం రోజుల్లో అయిపోతుంది అని. ఫోనులో చిన్నది పట్టరాని సంతోషంతో నాన్న అల్లుతున్నాడా, నాన్న అల్లుతున్నాడా అని రెండుసార్లు అడిగింది. అమ్మ అల్లుతుందంటే ఎవరూ రెండుసార్లు అడగరు.

సరేనంది. కానీ ఊలక్కకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఇక ఇది దుప్పటి పని కాదని. చిన్నది వచ్చి మంచం మీద పరుచుకుని చేత్తో నిమురుతుంది. ఆ చెయ్యి ఏ సగం మీద ఆగితే ఈ ఇంట్లో అల్లేచెయ్యి ఆ సగానిది. ముప్పై ఏళ్ళు ఆమెదిగా ఉన్నది అదొక్కటే.

మొదలుపెట్టేముందు ఆయన ఒక మాట అడిగాడు. చెరో అరచెయ్యంత ముక్క అల్లి కొలిచి చూద్దామా అని. ఇద్దరి చెయ్యీ ఒకేలా పడుతుందో లేదో తెలుస్తుందట.

"సూది ఒకటే, ఊలు ఒకటే, కుట్ల లెక్క ఒకటే. ఇక తేడా ఎక్కణ్ణుంచి వస్తుందండీ, ఆకాశం నుంచా?" అంది.

ఆయన లేచాడు. విరిగిన పేము కుర్చీ నుంచి ఒక బద్ద తీసి, ఆమె వేసిన మొదటి నాలుగు వరసల మీద పెట్టి, పది బుడిపెల వెడల్పుకు సరిగ్గా విరిచాడు. ఇక తన సగంలో రెండేసి వరసలకోసారి ఆ బద్ద పెట్టి చూసుకునేవాడు. తాళాలవాడి బుద్ధి తాళాలవాడిదే అని ఆమె నవ్వింది. పైకి నవ్విందే గానీ ఆయన బద్ద పెట్టినప్పుడల్లా ఆమె సూది ఒక్క క్షణం ఆగేది.

సాయంత్రాలు ముందు గదిలో ఒకే దీపం కింద ఎదురెదురుగా కూర్చునేవారు. ఆయన మెల్లగా, ఆమె వడిగా. పగలు ఆమె లాండ్రీలో ఉన్నంతసేపూ ఆయన అల్లేవాడు గనక సగాలు సమంగా పెరిగేవి గానీ, దీపం కింద ఆయన ఒక వరస ముగించేలోపు ఆమె రెండు వేసేది. అయినా ఆడపడుచు వస్తే ముందు అన్నయ్య వైపే వంగి చూసేది. వేళ్ళు బాగా వంగుతున్నాయన్నయ్యా అనేది. ఆసుపత్రి అమ్మాయి కూడా ముక్క చూసి తెగ ముచ్చటపడిందట, మిగతా రోగులందరికీ చూపించిందట. ఆయన ఈ సంగతులన్నీ వచ్చి భార్యకే చెప్పేవాడు. ఇంకెవరికి చెబుతాడు. ఆమె తల ఎత్తకుండా ఊఁ కొట్టేది. ఊఁ కొట్టినప్పుడల్లా వేలికి చుట్టిన ఊలు ఇంకాస్త బిగిసేది. ఎంత బిగిసేదంటే, రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు చూపుడువేలి మీద ఎర్రగా గీత కనబడేది.

రెండు సగాలూ కలవవలసిన రోజు బుధవారం. ఆదివారం చిన్నది వస్తుంది. మంచాన్ని గోడకు జరిపి, నేల తుడిచి, రెండింటినీ ఎదురెదురుగా పరిచారు. కలపవలసిన చోట ఆయన సగం రెండు పక్కలా రెండేసి వేళ్ళు బయటికి పొడుచుకొచ్చింది.

ఆయన సగం తలుపు రెక్కలా ఉంది, మొదట ఎంతో చివరా అంతే. ఆమె సగం మొదట వెడల్పుగానే ఉంది, పోను పోను కూజా మెడలా సన్నబడింది. ఊలక్క దాని వంక చూస్తూ నిలబడిపోయింది. ఇక్కడిదాకా బాగుంది. ఇక్కడ టీచరమ్మ మళ్ళీ వచ్చి ఆయన సగాన్ని మెచ్చుకుంది. ఇక్కడ ఆసుపత్రి అమ్మాయి ముచ్చటపడింది. ఈ చివరి జానెడూ ఆడపడుచు రోజూ వచ్చిన వారం. చేతిలో ఊలు ఎప్పుడు ఎంత బిగించిందో వరస వరసకూ కనబడుతోంది. దాన్ని చదవడం వచ్చినవాళ్ళు ఆ గదిలో తనొక్కతే అనుకుంది.

"ఊలు ఉండ మారిందేమో" అన్నాడాయన. "ఒక్కోసారి పోగు సన్నంగా వస్తుందటగా."

తప్పించుకోవడానికి దారి చూపిస్తున్నాడు. ఆ దారి పట్టినా ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆయన చూపించిన దారి పట్టడం ఆమె వల్ల కాలేదు.

"ఉండ మారలేదు. మీది వదులైంది. కొత్త చెయ్యి కదా, తెలియకుండానే సాగుతుంది" అంది.

ఆయన గోడవారగా ఉన్న పేము బద్ద వైపు ఒక్కసారి చూశాడు. దాన్ని అందుకోలేదు. నేల మీద చతికిలబడి, తన సగం చివర పోగు వెతికి పట్టుకుని లాగాడు.

మామూలు అల్లిక లాగితే జలజలా ఊడి వచ్చేస్తుంది. బుడిపెలు అలా రావు. ముడి బిగించి ఉంటుంది కదా, ఒక్కోదాన్నీ కుదిపి లాగాలి. ఆయన ఎడమచేత్తో పట్టుకుని, బాగుపడీ పడని కుడిచేత్తో లాగుతున్నాడు. ఊడివచ్చిన ఊలును ఆమె ఉండ చుడుతోంది. మొదటి వరస పోయినప్పుడు ఆమెకు హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు, రెండో వరసకూ హాయిగానే ఉంది. అచ్చులో పోసినట్టున్న బుడిపెలు ఒక్కొక్కటే టపటపమని చచ్చి, వంకర తిరిగిన ఊలై తన చేతిలోకి వస్తున్నాయి. ఏదీ, ఇప్పుడు చూపించమను ఆసుపత్రిలో.

నాలుగో వరస మధ్యలో ఆమె ఆయన మొహం చూసింది. తప్పు చేసినవాడి మొహం కాదది. నేర్చుకునేవాడు తప్పు తెలిసినప్పుడు నొసలు ముడుస్తాడు, ఎక్కడ పోయిందా అని వెతుకుతాడు. ప్రతి కుట్టుకీ ఎందుకని అడిగిన మనిషి ఇప్పుడు ఒక్క మాటా అడగలేదు. తీరిగ్గా, బట్ట మడతపెడుతున్నట్టు విప్పుకుంటూ పోతున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"ఆపండి. మీరు ఇందాక కొలిచారా?"

"ఇందాక కాదు. మొన్ననే."

"నాది కూడానా?"

ఆయన లాగుతున్న పోగును నేల మీద పెట్టాడు. "నువ్వు లాండ్రీకి వెళ్ళినప్పుడు."

"మరి నాది బిగిసిందని తెలిసీ మీది విప్పుతున్నారా?"

"నాది వదులైందన్నావుగా. ఇద్దరిలో ఒకరిది విప్పాలి. నాకు విప్పడానికి ఓపికుంది, నీకు లేదు" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఎందుకు బిగిసిందో కూడా తెలుసు. దానికి నేనేం చెయ్యను చెప్పు. మానేద్దామనుకున్నా. వేళ్ళు ఇప్పుడిప్పుడే వంగుతున్నాయి" అన్నాడు.

చదవడం వచ్చినవాళ్ళు ఆ గదిలో ఇద్దరున్నారన్నమాట.

ఆయన కేకలేసి ఉంటే ఆమె పదింతలు కేకలేసేది. ఆ తగువులో గెలుపు ఆమెదే, అందులో అనుమానం లేదు. ఇలా మెత్తగా ఓడిపోయేవాడితో ఏం చెయ్యాలి. అల్లికలో మించిపోయింది చాలదని మంచితనంలోనూ మించిపోతున్నాడు.

"నా దగ్గర పెద్దమనిషి వేషాలు వెయ్యకండి" అంది. "లేవండి అక్కణ్ణుంచి. విప్పినంతవరకూ మీరే మళ్ళీ వేసుకోండి. నాది నేను చూసుకుంటా."

తన సగం ముందుకు లాక్కుని చివర పోగు పట్టుకుంది. టీచరమ్మ వచ్చిన చోటుదాకా విప్పేసింది. సగంలో సగం పోయింది. ఆయన ఉండ చుట్టబోతే వద్దంది.

మర్నాడు లాండ్రీ యజమానికి ఫోను చేసి శనివారందాకా రానంది. ఇన్నేళ్ళలో ఆమె సెలవు అడగడం అదే మొదటిసారి, ఎవరు పోయారమ్మా అని కంగారుపడ్డాడు. ఎవరూ పోలేదు, దుప్పటి ఉందంది. తనకు ఒంట్లో నలతగా ఉందని, ఆదివారందాకా రావద్దని ఆడపడుచుకు కబురు పెట్టింది. ఆయన్ను కొట్టుకు పంపేసి, వంటింటి గడపలో వీపు ముందు గదివైపు తిప్పుకుని కూర్చుంది. మొదటి రెండు వరసలూ మళ్ళీ బిగిశాయి. ఎవరూ లేరు, ఎవరూ ఎవర్నీ పొగడడం లేదు, అయినా బిగిశాయి. విప్పింది. మళ్ళీ వేసింది. అప్పుడు లేచి వెళ్ళి గోడవారగా ఉన్న పేము బద్ద తెచ్చి పక్కన పెట్టుకుంది. ఆ బద్ద ఆయనది కాదనీ, అసలు తన మొదటి వరసల నుంచి తీసిన కొలతేననీ తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. మాట నిజమే కాబట్టి కాస్త పనిచేసింది. వేలి మీద ఊలు వదులైంది.

శనివారం సాయంత్రం రెండు సగాలూ కలిశాయి. అంచుకు అంచు సరిపోయింది. ఆయన వంగి, అతుకు మీద బొటనవేలు రాసి చూసి, తెలియడం లేదోయ్ అన్నాడు. ఆమెకు మాత్రం తెలుస్తూనే ఉంది. అతుకు కాదు, ఇటూ అటూ. ఇటు బుడిపెలు సంతలో జనంలా ఉన్నాయి, అటు పోలీసుల కవాతులా ఉన్నాయి.

ఆదివారం చిన్నది బస్సు దిగి వచ్చింది. వదినకు నలత తగ్గిందో లేదో చూద్దామని ఆడపడుచూ వచ్చింది. దుప్పటి మంచం మీద పరిచి ఉంది. చిన్నది సంచి కింద పడేసి అబ్బ అంటూ దాని మీద రెండు చేతులూ ఆనించింది. సగం నాన్నదని ఫోనులో చెప్పారు కదా, నాన్నది ఏది అని అడిగింది.

ఊలక్క నోరు విప్పేలోపే ఆయన అందుకున్నాడు.

"నాదేముందే. నాలుగు వరసలు వేశాను, అవీ మీ అమ్మ విప్పి సరిచేసింది. ఇదంతా మీ అమ్మ చెయ్యే."

ఆడపడుచు కళ్ళు పెద్దవి చేసింది. ఊలక్కకు ఎదురుగా కోరుకున్నదంతా కనబడుతోంది. మొత్తం దుప్పటి, రెండు సగాలూ, కూతురు, ఆడపడుచు వినేలా, ఆయన నోటితోనే. ఊరుకుంటే చాలు, ఏమీ అననక్కర్లేదు. ఒక్క నిమిషం ఊరుకుంది కూడా. కానీ ఆ అచ్చుపోసిన బుడిపెలు తనవని చెప్పుకుంటే, తనవి కానివి తనవంటే, ఈ పక్కనున్న బొద్దువీ నీరసంవీ ఒరిగినవీ ఎవరివి అవుతాయి. వాటిని వేసిన చెయ్యి ఎక్కడికి పోతుంది. ఆయన దానంగా పడేసినదానికి చెయ్యి చాచేంత గతి తనకింకా పట్టలేదు.

"అబద్ధాలు" అంది. "సగం ఆయనదే. ఇదిగో, ఇక్కణ్ణుంచి అటు. ఒక్క బుడిపె తేడా ఉంటే నన్నడుగు. నాది పట్టుకుంటేనే తెలుస్తుంది, చిన్నా పెద్దా ఉంటాయి. నా చెయ్యి మధ్యలో బిగిసింది, నేను సగంలో సగం విప్పి మళ్ళీ వేశాను. ఆయనది సరిగ్గానే ఉండింది."

ఆ మాటలు ఒక్కొక్కటీ బుడిపెలు ఊడినట్టే కుదిపి లాగితే బయటికి వచ్చాయి. ఆయన తల దించుకుని వేళ్ళు చూసుకున్నాడు. ఆడపడుచు ఏమీ అనుకోకు వదినా అనలేదు. మంచినీళ్ళు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

చిన్నదానికి ఇవేవీ పట్టలేదు. ప్రయాణం చేసి వచ్చిందేమో, మంచం మీద వాలి దుప్పటి మీదికి లాక్కుంది. గడ్డం కిందకు చేరింది నాన్న సగం. అరచేత్తో నిమురుతూ ఎంత బాగుందో నాన్నా అంది.

ఊలక్కకు గుండెలో చురుక్కుమంది. ఇప్పుడే కదా అంత నిజం చెప్పింది, కొంచెమైనా చల్లారి ఉండాలి. ఏమీ చల్లారలేదు. కాళ్ళ దగ్గరికి వెళ్ళి రెండు కొసలూ పట్టుకుని, కూతురు లబోదిబోమంటున్నా వినకుండా దుప్పటిని మొత్తం లాగి, అటుది ఇటు తిప్పి మళ్ళీ కప్పింది. తన సగం గడ్డం దాకా లాగి చుట్టూ అదిమింది.

"మొహం వైపు నాది. కాళ్ళ వైపు ఆయనది" అంది. "నీ గదిలో నీ ఇష్టం, నేను చూడొచ్చానా. ఇక్కడ మాత్రం ఇలాగే."